బొమ్మ గిటారు కాదండీ, ఉకులేలే!

కొలోన్ (జర్మనీ): కొలోన్ అనగానే మన పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది ఓడికొలోన్ సీసా. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసి నాలుగు చుక్కలు చిలకరించేవారు చూడండి, ఆ అత్తరు నీళ్ళ పుట్టిల్లు మేముంటున్న ఈ ఊరే. రైన్ నది ఒడ్డున 157 మీటర్ల జంట గోపురాల చర్చి, దాని చుట్టూ సందులు, సందుల్లో బీరు కొట్లు. ఈ ఊరివాళ్ళకి అత్తరు కన్నా పాటంటేనే ఎక్కువ ప్రాణమని ఇక్కడ కాపురం పెట్టాక గానీ మాకు తెలియలేదు. నవంబరు 11న పగలు 11 గంటల 11 నిమిషాలకి కార్నివాల్ సీజను మొదలవుతుందా, ఇక ట్రాముల్లో, రోడ్ల మీద, ఆఫీసు క్యాంటీన్లలో కూడా పాటలే. అదీ అచ్చ జర్మన్‌లో కాదు, 'క్యోల్ష్' అనే ఇక్కడి యాసలో. మొదటి ఏడాది బిక్కమొహాలేసుకుని చూశాం. రెండో ఏడాదికి పల్లవులు నోటికొచ్చేశాయి.

ఇలాంటి ఊళ్ళో ఉంటూ మా ఇంట్లో మాత్రం సంగీతం ఒక పెద్ద సమస్య అయి కూర్చుంది. దానికి కారణం ఒక వీణ.

ఆ వీణని బొబ్బిలి నుంచి తెప్పించాం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేస్తారే, ఆ ఏకాండి వీణ. దాన్ని విమానంలో తేవడానికి పడ్డ అగచాట్లు రాస్తే అదో పెద్ద కథ. వచ్చాక మా అమ్మాయి రెండేళ్ళు నేర్చుకుంది. విజయవాడలో ఉండే సంగీతం మాస్టారు వీడియో కాల్‌లో పాఠం చెప్పేవారు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చాక పిల్ల మెల్లగా వెనక్కి తగ్గింది. స్కూలు, ఈత, స్నేహితులు. దానికితోడు ఇక్కడి చలికాలం. హీటర్ల పొడిగాలికి వీణ మెట్ల కింద మైనం పెళుసెక్కి రెండు మూడు మెట్లు కదిలిపోయాయి. వీణ మీద 24 మెట్లుంటాయి, అన్నీ ఆ మైనం మీదే నిలబడాలి. ఒక్కటి కదిలితే స్వరం పక్కకి పోతుంది. అపస్వరం పలికే వీణని ఏ పిల్ల మాత్రం ఎంతకాలం వాయిస్తుంది? చివరికి దాని మీద పట్టుగుడ్డ కప్పి హాల్లో ఒక మూల పెట్టాం. వచ్చినవాళ్ళంతా ఫొటోలు తీసుకుంటారు, అంతే!

అలాంటి రోజుల్లో అమ్మాయి స్కూలు నుంచి ఒక చిన్న సంచీతో వచ్చింది. లోపల మూరెడు పొడుగు గిటారు లాంటిది. నాలుగే నాలుగు తీగలు. పేరు ఉకులేలే. క్లాసులో పిల్లలందరికీ ఇచ్చారట. ఆ సాయంత్రం ఉంగరం వేలు ఒక్కటి ఒక తీగ మీద పెట్టి, కుడిచేత్తో పైనుంచి కిందికి ఒకసారి మీటింది. గది నిండా ఒక నిండైన కార్డు పలికింది. 'చూశారా, ఒక్క నిమిషంలో వచ్చేసింది' అంది. రెండేళ్ళ వీణ పాఠాల్లో ఆ పిల్ల మొహంలో అంత వెలుగు మేం చూసిన గుర్తు లేదు. సంతోషించాలో, బాధపడాలో తెలియలేదు.

ఉగాదికి మన తెలుగువాళ్ళం ఒక హాలు అద్దెకు తీసుకుని కలిశాం. పిల్లల కార్యక్రమాల్లో మా అమ్మాయి ఉకులేలే పట్టుకుని ఒక సినిమా పాట పాడింది. పిల్లలు ఈలలేశారు. దిగి వచ్చాక ఒక పెద్దాయన ఆప్యాయంగానే అన్నారు, 'పాప బాగా పాడిందండీ. కాకపోతే ఈ బొమ్మ గిటారు బదులు ఏ వీణో వయొలినో నేర్పించి ఉంటే బావుండేది' అని. ఆయన్ని అనుకోవడం ఎందుకు, అప్పటికి మేమూ లోలోపల అలాగే అనుకుంటున్నాం. ఇండియా నుంచి అమ్మమ్మగారు ఫోన్లో చూసి 'అదేం వాయిద్యమే, తిరనాళ్ళలో కొన్నట్టుంది!' అని నవ్వారు. పిల్ల మొహం చిన్నబోయింది. రెండ్రోజులు సంచీ విప్పలేదు.

అప్పుడు మొదలుపెట్టాం, అసలు ఈ ఉకులేలే కథేమిటో తెలుసుకోవడం.

చెరకు తోటల దారిలో

ఉకులేలే అంటే హవాయి దీవులని అందరికీ తెలుసు. కానీ అది అక్కడ పుట్టింది కాదు. 1879 ఆగస్టులో 'రేవన్స్‌క్రాగ్' అనే ఓడ హొనొలులు రేవుకి చేరింది. పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి నుంచి చెరకు తోటల్లో కూలికి వచ్చిన నాలుగు వందల మందికి పైగా ఉన్నారందులో. మన కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకి వెళ్ళిన తెలుగువాళ్ళ కథ లాంటిదే ఇదీ. ఇప్పటికీ మారిషస్‌లో తెలుగువాళ్ళని 'కోరంగీలు' అనడం ఉంది కదా. కూలికి వెళ్ళేవాడు మూటలో ఏం పెట్టుకెళతాడు? రెండు బట్టలు, ఒక దేవుడి బొమ్మ, నోట్లో పాట. మదీరావాళ్ళు 'మషేతి' అనే చిన్న నాలుగు తీగల వాయిద్యాన్ని కూడా పెట్టుకొచ్చారు. ఆ ఓడలో వచ్చినవాళ్ళలో ముగ్గురు వడ్రంగులు, మాన్యువల్ నూనిస్, అగుస్తో డియాస్, జొజె దో ఎస్పిరితో సాంతో అనేవాళ్ళు, తోటల్లో ఒప్పందం తీరాక హొనొలులులో దుకాణాలు పెట్టి అక్కడి 'కోవా' చెక్కతో ఆ వాయిద్యాన్ని చెయ్యడం మొదలుపెట్టారు. అప్పటి హవాయి రాజు కలకౌవా స్వయంగా సంగీతప్రియుడు. ఆయన దర్బారులో చోటిచ్చేసరికి కూలీల వాయిద్యం కాస్తా దేశవాయిద్యమై కూర్చుంది.

పేరు సంగతి చెబితే మీరు నవ్వుతారు. హవాయి భాషలో 'ఉకు' అంటే పేను, 'లేలే' అంటే గెంతడం. గెంతే పేను అన్నమాట! వాయించేవాడి వేళ్ళు తీగల మీద అలా గెంతుతున్నట్టు కనబడ్డాయి కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. హవాయి చివరి రాణి లిలియుఒకలానీ మాత్రం 'ఇక్కడికి వచ్చిన కానుక' అని అర్థం చెప్పేవారట. ఓడ కథ తెలిశాక మాకు రాణిగారి అర్థమే నచ్చింది.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో హవాయి వాళ్ళు దీన్ని వాయించడంతో అమెరికా అంతా ఊగిపోయింది. ఆ మోజు కొన్నాళ్ళకి తగ్గింది, మళ్ళీ లేచింది, మళ్ళీ తగ్గింది. తగ్గినప్పుడల్లా పిల్లల బొమ్మల అల్మరాలోకి వెళ్ళిపోయేది. బీటిల్స్ బృందంలోని జార్జి హారిసన్ దీనికి పిచ్చి అభిమాని. ఇక హవాయి గాయకుడు ఇజ్రాయెల్ కమకవివోలే పేరు చాలామందికి తెలియకపోవచ్చు గానీ, 1993లో వచ్చిన ఆయన ఆల్బంలో ఉకులేలే ఒక్కటే తోడుగా పాడిన ఇంద్రధనుస్సు పాటని ఏదో ఒక సినిమాలోనో ప్రకటనలోనో వినే ఉంటారు. భారీ మనిషి, చేతిలో ఉకులేలే బొమ్మలాగే కనిపిస్తుంది. 38 ఏళ్ళకే 1997లో పోయాడు. ఆ పాట విన్నాక బొమ్మ అనే మాట మా నోట రాలేదు.

కొలోన్ కసాయి కొట్టు కుర్రాడు

ఇంత దూరం వెళ్ళి వెతుకుతున్నాం గానీ, ఉకులేలేకి మా ఊళ్ళోనే ఒక పెద్ద దిక్కు ఉన్నాడని ఆఫీసులో వాళ్ళు చెప్పారు. ఆయనే స్టెఫాన్ రాబ్. జర్మనీలో ఈ పేరు తెలియనివాళ్ళు అరుదు. 1966లో కొలోన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులకి ఇక్కడి జుల్స్ పేటలో మాంసం కొట్టు ఉండేది. ఆయన కూడా ఆ వృత్తి పద్ధతి ప్రకారం నేర్చుకున్నవాడే. కొన్నాళ్ళు లా చదివాడు. చివరికి సంగీతంలోకి దిగాడు.

1993 డిసెంబరులో కొలోన్ నుంచి 'వీవా' అనే పాటల ఛానల్ మొదలైంది. అందులో రాబ్ ఒక కార్యక్రమం నడిపేవాడు. ఎవరైనా పేరున్న గాయకుడో నటుడో వస్తే చాలు, ఉకులేలే తీసి ఆ మనిషి మీద అప్పటికప్పుడు ఒక చిలిపి పాట ఎదుటే పాడేసేవాడు. దానికి 'రాబిగ్రామ్' అని పేరు, టెలిగ్రామ్ లాగా! మన పెళ్ళిళ్ళలో వియ్యపురాలి మీద ఎకసెక్కాల పాటలు పాడేవారే, కాస్త ఆ ధోరణి. పాడించుకున్నవాళ్ళలో కొందరు పడీపడీ నవ్వేవాళ్ళు, కొందరు మొహం మాడ్చుకునేవాళ్ళు. ఆయన హాస్యం మాకూ అన్నిసార్లు రుచించదు, ఆ సంగతి దాచుకోనక్కర్లేదు. కానీ ఒకటి గమనించాం. ఆ మనిషికి డ్రమ్స్ వచ్చు, గిటారు వచ్చు, పాటలు కట్టడం వచ్చు. 2000లో స్టాక్‌హోంలో యూరోవిజన్ పాటల పోటీలో జర్మనీ తరఫున పాడి 5వ స్థానం తెచ్చుకున్నాడు. 2010లో ఆయన వెతికి తీర్చిదిద్దిన లేనా అనే అమ్మాయి ఓస్లోలో ఆ పోటీ గెలిచింది. పెద్ద వాయిద్యం రాక చిన్నదాన్ని పట్టుకున్నవాడు కాదన్నమాట.

మరి ఉకులేలే ఎందుకు? ఒకసారి పాత వీడియోలు చూస్తే అర్థమవుతుంది. గిటారు వాయించేవాడు కూర్చోవాలి, లేదా పట్టీ తగిలించుకోవాలి. ఉకులేలేని చంకలో ఇరికించుకుంటే చాలు, ఎదుటివాడి పక్కన నిలబడి కళ్ళలోకి చూస్తూ పాడొచ్చు. దాని గొంతు చిన్నది కాబట్టి మాటని మింగెయ్యదు. నవ్వించాలంటే మాట వినబడాలి కదా. 1999 నుంచి 2015 దాకా ఆయన నడిపిన 'టీవీ టోటల్' కార్యక్రమం కూడా మా ఊరి నుంచే వచ్చేది. 2015 చివర్లో టీవీ మానేసి, 2024లో మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు మధ్యవయసులో ఉన్న ఇక్కడివాళ్ళు చాలామంది ఉకులేలే అనే వస్తువుని మొదటిసారి చూసింది ఆయన చేతిలోనేనట.

కింది వాటా ముసలావిడ చెప్పిన పేరు

మేముండే బిల్డింగులో రాత్రి 10 దాటాక చప్పుడు చెయ్యకూడదు. జర్మనీలో ఇది ఉత్త మర్యాద కాదు, చట్టం. అందుకే మా అమ్మాయి రాత్రి పూట ఉకులేలే మీటుతుంటే భయపడుతూనే ఉన్నాం. ఒకరోజు మెట్ల దగ్గర కింది వాటాలో ఉండే ముసలావిడ ఆపింది. అయిపోయిందిరా అనుకున్నాం. ఆవిడ నవ్వి, 'పైన ఫ్లిట్ష్ వినబడుతోంది, ఎవరు వాయిస్తున్నారు?' అంది.

ఫ్లిట్ష్ అంటే క్యోల్ష్ యాసలో మాండొలిన్. మాది అది కాదు, ఉకులేలే అన్నాం. 'ఏదైతేనేం, చిన్నది కదా. మా హాన్స్ జ్యూపర్ గుర్తొచ్చాడు' అంది. ఎవరో తెలియదంటే ఆవిడ మమ్మల్ని చూసిన చూపు, రేలంగి ఎవరని అడిగితే మన పెద్దవాళ్ళు చూసే చూపే!

హాన్స్ జ్యూపర్ 1936లో కొలోన్‌లో పుట్టిన కార్నివాల్ కళాకారుడు. తండ్రి కూడా కార్నివాల్ బృందంలో పాడినవాడే. 1970లలో హాన్స్ జిమ్మర్‌మాన్ అనే మిత్రుడితో కలిసి 'కొలోనియా డ్యుయెట్' అనే జంట కట్టాడు. జిమ్మర్‌మాన్ చేతిలో గిటారు, జ్యూపర్ చేతిలో ఆ ఫ్లిట్ష్. ఒకరు గంభీరంగా, పెద్దమనిషి తరహాలో నిలబడితే రెండోవారు కోతిచేష్టలు. మన రేలంగి, రమణారెడ్డి జంటని తలుచుకోండి, చేతుల్లో వాయిద్యాలు పెట్టండి, అదీ. జిమ్మర్‌మాన్ విసుక్కుంటూ జ్యూపర్‌ని 'నువ్వో కోడిగుడ్డువి' అని తిట్టడం ఊరంతటికీ ఊతపదమైపోయింది. 1990 దాకా ఆ జంట సాగింది. తర్వాత జ్యూపర్ మరొక తోడుతో కొన్నేళ్ళు ఆడాడు. ఫ్లిట్ష్ మాత్రం మారలేదు. 2022 డిసెంబరులో 86 ఏళ్ళ వయసులో పోయాడు. జ్యూపర్ ఫొటో వెతికితే ఆ వాయిద్యం లేకుండా దొరకడమే కష్టం. మేమూ వీడియోలు చూశాం. యాస సగం అర్థం కాలేదు గానీ, మాటకీ మాటకీ మధ్య ఆయన ఆ తీగల మీద వేసే చిన్న చిన్న మీట్లు ఉన్నాయి చూశారూ, అవి కూడా జోకులే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఉకులేలే, మాండొలిన్ ఒకటి కావు. ఉకులేలేకి నైలాన్ తీగలు నాలుగు, వేళ్ళతో మీటుతారు. మాండొలిన్‌కి ఉక్కు తీగలు ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు జతలు, చేతిలో చిన్న పలకముక్క పట్టుకుని వాయిస్తారు. కానీ రెండింటికీ పడ్డ నింద ఒకటే, బొమ్మ అని.

ఆ నింద జర్మనీలో ఎలా చెరిగిందో చూడండి. పక్కనే ఉన్న బాన్‌లో 1770లో పుట్టిన బీథోవెన్ అంతటివాడు 1796లో ప్రాగ్‌లో ఉన్నప్పుడు ఒక జమీందారీ అమ్మాయి కోసం మాండొలిన్‌కి రచనలు చేశాడు. వాటిలో నాలుగు ఈనాటికీ మిగిలున్నాయి. తర్వాత ఈ దేశంలో కార్మికుల క్లబ్బులు, కొండలెక్కే కుర్రాళ్ళ సంఘాలు దాన్ని భుజానేసుకున్నాయి. పియానో కొనే స్తోమత లేనివాళ్ళ వాయిద్యం అది. ఈరోజు కొలోన్ సంగీత, నృత్య కళాశాలకి వుప్పర్‌టాల్ ఊళ్ళో ఉన్న శాఖలో మాండొలిన్‌కి ప్రత్యేకంగా ప్రొఫెసర్ పదవే ఉంది. మార్గా విల్డెన్ హ్యూస్గెన్ అనే ఆవిడ దాన్ని నిలబెట్టారు. 2007లో ఆవిడ శిష్యురాలు కతరీనా లిష్టెన్‌బర్గ్ ఆ కుర్చీలోకి వచ్చారు. 2023లో జర్మనీ రాష్ట్రాల సంగీత మండళ్ళు మాండొలిన్‌ని ఆ ఏటి మేటి వాయిద్యంగా ప్రకటించాయి. కూలివాడి చేతిలోంచి కాలేజీ దాకా వచ్చిందన్నమాట.

ఇంకో విశేషం. మేమున్న రాష్ట్రంలో స్కూలు పిల్లలకి వాయిద్యం నేర్పే పథకం ఒకటుంది. 2003లో బోఖుమ్‌లో చిన్నగా మొదలై, 2007 నుంచి రూర్ బొగ్గుగనుల ప్రాంతమంతా పాకింది. అందులో పిల్లలు ఎంచుకునే వాయిద్యాల్లో మాండొలిన్ ఉంది, టర్కీవాళ్ళ బాగ్లామా కూడా ఉంది! గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన టర్కీ కుటుంబాలు తమ వాయిద్యాన్ని ఇంట్లో మూలన పెట్టి గుడ్డ కప్పలేదు. అందుకే అది బడిలోకి వచ్చింది. ఇది చదివినప్పుడు మా హాల్లో మూల వైపు చూడటానికి మాకే మొహం చెల్లలేదు.

పాలకొల్లు పిల్లాడు

ఇంత దూరం తిరిగాక మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిన పేరు మీకూ ఈపాటికి వచ్చేసి ఉంటుంది. మాండొలిన్ శ్రీనివాస్.

1969 ఫిబ్రవరి 28న పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు ఉప్పలపు శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని ఆరేళ్ళ పిల్లాడు తీసి మోగించడం మొదలుపెట్టాడు. పిల్లాడి చేతివాటం చూసి తండ్రి తన గురువుగారైన రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గర పెట్టారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. అసలు ముచ్చటేమిటంటే, ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి తన దారి తనే వేసుకున్నాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సీజనులో అడుగుపెట్టాడు. ఇదేం వాయిద్యం, దీని మీద కర్ణాటక సంగీతమేమిటి అన్నవాళ్ళు అక్కడా ఉన్నారు. ఉండరా మరి? వయొలిన్‌ని కూడా బాలుస్వామి దీక్షితార్ తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకుని తెచ్చిందే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి నాటికి అది మనదైపోయింది కాబట్టి ఉగాది నాటి పెద్దాయన వీణతో సమానంగా దాని పేరెత్తారు.

శ్రీనివాస్ చేసిన పని కేవలం వాయించడం కాదు, వాయిద్యాన్నే సరిచేసుకోవడం. మామూలు మాండొలిన్‌లో తీగలు జతలుగా ఉంటాయన్నాం కదా. గమకం కోసం తీగని పక్కకి లాగితే జతలో రెండూ సమంగా లాగబడవు, శ్రుతి చెదురుతుంది. పైగా దాని నాదం టక్కున ఆగిపోతుంది, మన రాగానికి కావలసినంత సేపు నిలవదు. అందుకని జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నారు. మంద్రస్థాయి అందేలా ఐదో తీగ చేర్చుకున్నారు. విద్యుత్ పికప్‌తో నాదాన్ని సాగదీశారు. అప్పుడు కాంభోజి కాంభోజిలా, తోడి తోడిలా పలికింది. 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయన వయసు 14 ఏళ్ళు! జాజ్ వినడానికి వచ్చిన జర్మన్ శ్రోతలు పాలకొల్లు పిల్లాడికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు. తమ్ముడు రాజేష్ ఆ బాణీని కొనసాగిస్తున్నారు.

ఈ కథంతా ఒక రాత్రి మా అమ్మాయికి చెప్పాం. శ్రద్ధగా విని 'ఆయన్ని కూడా బొమ్మ అన్నారా?' అని ఒక్కటే అడిగింది. అన్నారమ్మా అన్నాం.

నాలుగు తీగల మోహనం

మర్నాడు ధైర్యం చేసి విజయవాడ మాస్టారికి ఫోన్ చేశాం. పాఠాలు మానేసి ఏడాది దాటింది. ఏమంటారో అని బెరుకు. ఆయన ఉకులేలేని తెర మీద అటూ ఇటూ తిప్పించి చూసి, 'తీగలు ఒక్కొక్కటీ విడిగా మీటమ్మా' అన్నారు. పైనుంచి కిందికి నాలుగూ మీటింది. కళ్ళు మూసుకుని విన్నారు. 'రెండో తీగని షడ్జమం అనుకో. ఇప్పుడు చెప్పు, మిగతావి ఏం స్వరాలు?' అన్నారు.

పిల్ల పాడుకుంటూ వెతికింది. రెండోది స. మూడోది గ. నాలుగోది ధ. అన్నిటికన్నా పైనున్న మొదటి తీగ మంద్రంలో ఉంటుందనుకుంటాం గానీ, ఉకులేలేలో అది పైస్థాయిలోనే ఉంటుంది. ఇదే దీని తమాషా. అది ప. ప, స, గ, ధ!

'ఇంకా తెలీలేదా?' అన్నారు మాస్టారు నవ్వుతూ. 'మోహనంలో ఐదింటికి నాలుగు స్వరాలు ఉత్త తీగల్లోనే పెట్టి ఇచ్చాడమ్మా ఆ హవాయివాడు. ఒక్క రి మాత్రం నువ్వు వెతుక్కోవాలి.'

షడ్జమం తీగ మీద రెండో గడిలో రి దొరికింది. చివరి తీగ మీద మూడో గడి నొక్కితే పై స. ఆ గడే మొదటిరోజు పిల్ల ఉంగరం వేలితో నొక్కి కార్డు వాయించింది! స, రి ఒక తీగ మీద, గ కోసం కింది తీగకి, ప కోసం ఒక్క గెంతులో అన్నిటికన్నా పై తీగకి, మళ్ళీ కిందికి దిగి ధ, స. వేళ్ళు నిజంగానే గెంతుతున్నాయి. పేరు ఊరికే పెట్టలేదు. పావుగంటలో ఆరోహణ అవరోహణ వచ్చేశాయి. 'శ్రుతి నీ గొంతుకి కాస్త కిందుగా ఉంది, అది తర్వాత సర్దుకుందాం. ముందు నేను పాడతాను, నువ్వు పట్టుకో' అన్నారాయన. మాస్టారికీ ఉకులేలే రాదు. సుబ్బరాజుగారి పద్ధతే!

ఇప్పటికి నాలుగు నెలలైంది. వీణ మీద వదిలేసిన మోహన రాగ గీతం, ప్రతి పిల్లా నేర్చుకునే 'వరవీణ', ఉకులేలే మీద పూర్తయింది. మొత్తం బావుందని అబద్ధం చెప్పం. నైలాన్ తీగ పొట్టిది, పక్కకి లాగినా స్వరం పెద్దగా కదలదు. గమకం రావాల్సిన చోట చప్పగా వస్తుంది. ఒక గడి నుంచి ఇంకో గడికి జారుతూ కొంత లాక్కొస్తోంది. నాదం రెండు సెకన్లలో ఆరిపోతుంది కాబట్టి విలంబంలో నిలబడటం కష్టం. ఇవన్నీ మాస్టారు నిర్మొహమాటంగా చెబుతూనే ఉన్నారు. ఆవిడ వినదు. స్కూలు నుంచి రాగానే సంచీ విప్పుతుంది, పక్కింటి పిల్లలకి కార్నివాల్ పాటలు వాయిస్తుంది, రాత్రి తొమ్మిదింటికి మోహనం. కింది వాటా ముసలావిడ కిటికీ తెరుచుకుని వింటుందట. పది దాటాక కూడా ఒకసారి వాయించింది, ఎవరూ ఏమీ అనలేదు. చట్టం గురించి మేమే గుర్తుచేశాం.

మొన్న ఆదివారం 'రి దగ్గర ఆ ఊపు రావట్లేదు, వీణ మీద ఎలా ఉండేదో చూస్తాను' అంటూ తనే వెళ్ళి పట్టుగుడ్డ తీసింది. ఏడాదిన్నర దుమ్ము. తీగ మీటి, మెట్టు మీద వేలు పెట్టి పక్కకి లాగింది. అదే మెట్టు, మైనం కదిలినది. కుయ్యిమంది. 'ఇదెవరు బాగుచేస్తారు?' అని అడిగింది. మెట్లు కట్టేవాళ్ళు మేం వాకబు చేసినంతలో ఈ చుట్టుపక్కల దొరకలేదు. వచ్చే వేసవి సెలవులకి విశాఖ టిక్కెట్లు చూస్తున్నాం. అక్కడి నుంచి బొబ్బిలికి కార్లో వెళ్ళాలి. వీణని మళ్ళీ విమానం ఎక్కించడం ఎలాగన్నదే ఇప్పుడు మా దిగులు. ఉకులేలే సంగతి బెంగ లేదు, అది చేతిసంచీలో పట్టేస్తుంది.